విమానం ఎక్కేలోపే తేలిపోయే సంగతి

(తాజా, ఘనీకృత ఆహార పదార్థాల విదేశీ విమాన రవాణాపై తిరుపతిలో రైతులు, ఎగుమతిదారులు, వ్యవసాయ విద్యార్థుల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. దామలచెరువు, బంగారుపాళ్యం, పుత్తూరు వైపుల నుంచి ఎండలో ఇంత దూరం వచ్చిన రైతు సోదరులకు, ఎగుమతి వ్యాపారంలో ఉన్న మిత్రులకు, వ్యవసాయ కళాశాల విద్యార్థులకు నా నమస్కారాలు. మామిడి ఎగుమతి మాట వచ్చినప్పుడల్లా మన ప్రాంతంలో మొదట వినిపించేది రేణిగుంట విమానాశ్రయం నుంచి నేరుగా సరుకు విమానం కావాలన్న కోరిక. 2015 అక్టోబరులో అక్కడ కొత్త టెర్మినల్ ప్రారంభమైనప్పటి నుంచి ఆ ఆశ మరింత బలపడింది. ఆ కోరికను నేను తప్పుపట్టను, నాకూ ఉంది. అయితే పండ్లు, కూరగాయలు, చేపలు విదేశాలకు పంపే పనిలో ఇన్నేళ్ళుగా ఉన్నవాడిగా నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. విమానం ప్రయాణ కాలాన్ని తగ్గిస్తుంది తప్ప సరుకును చల్లబరచదు. చల్లదనం మనం ఇచ్చి పంపాల్సిందే. కాయ కోసిన గంట నుంచి విమానం తలుపు మూసే గంట వరకు నేల మీద గడిచే కాలంలోనే దాని భవిష్యత్తు తేలిపోతుంది. ఈరోజు ఎక్కువగా ఆ కాలం గురించే మాట్లాడతాను.

ముందుగా విమానం సంగతి. సరుకు రవాణా అనగానే ముక్కు దగ్గర తలుపు తెరుచుకునే పెద్ద కార్గో విమానం మన కళ్ళ ముందుకు వస్తుంది. కానీ చెన్నై మీనంబాకం నుంచి, బెంగళూరు కెంపేగౌడ విమానాశ్రయం నుంచి బయలుదేరే మన పండ్లలో, కూరగాయల్లో చాలా భాగం ప్రయాణికుల విమానాల అడుగు అరల్లోనే, పైన కూర్చున్నవారి సూట్‌కేసుల పక్కనే ప్రయాణం చేస్తుంది. పెద్ద విమానాల్లో వాడే ఎల్‌డీ-3 అనే అల్యూమినియం పెట్టెలో సుమారు 4.3 ఘనపు మీటర్ల జాగా ఉంటుంది. పెట్టె బరువుతో కలిపి 1,588 కిలోల వరకు అనుమతిస్తారు. ఆ పెట్టెకు కరెంటు లేదు, చల్లబరిచే యంత్రం లేదు. బ్యాటరీతో పనిచేసే శీతల కంటెయినర్లు ఉన్నాయి గాని, వాటి అద్దె భరించగలిగేది ఎక్కువగా మందుల కంపెనీలే. విమానం అడుగు అరలో ఉష్ణోగ్రత ఎంత ఉంటుందన్నది విమానం రకాన్ని బట్టి, అదే అరలో ఇంకేమేం ఎక్కించారన్న దాన్ని బట్టి మారుతుంది. పక్కన కుక్కో పిల్లో ప్రయాణిస్తుంటే వాటికి సుఖంగా ఉండే వెచ్చదనమే మీ పండ్లకూ తగులుతుంది.

ప్రయాణికుల విమానాల మీద మనం ఎంతగా ఆధారపడ్డామో 2020లో తెలిసొచ్చింది. ఆ ఏడాది మార్చి 23 నుంచి మన దేశం అంతర్జాతీయ ప్రయాణికుల సర్వీసులను ఆపేసింది. షెడ్యూలు సర్వీసులు పూర్తిగా తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. ప్రయాణికులు ఆగిపోతే సరుకు జాగా కూడా ఆగిపోయింది. ఉన్న కొద్దిపాటి జాగాకు ధర ఆకాశానికి ఎక్కింది. మామిడి కాలం సరిగ్గా అప్పుడే మొదలైంది. నేరుగా కార్గో విమానం కావాలని అడిగేవారు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఒక విమానం రోజూ రావాలంటే దాన్ని ఏడాది పొడవునా నింపే సరుకు కావాలి, తిరుగు ప్రయాణంలో తెచ్చే సరుకూ కావాలి. మన మామిడి ఉండేది రెండున్నర, మూడు నెలలు. చెన్నై విమానాశ్రయం తిరుపతికి రోడ్డు మీద సుమారు మూడు గంటల దూరంలో ఉంది, చిత్తూరుకు బెంగళూరు కూడా అందుబాటులోనే ఉంది. ఆ రెండు చోట్ల నుంచి రోజూ గల్ఫ్‌కు, సింగపూరుకు విమానాలున్నాయి. మన కొరత దూరంలో లేదని నేను అంటున్నది అందుకే.

ఇప్పుడు తోటలోకి వెళదాం. మన ప్రాంతంలో బేనీషా అని పిలుచుకునే బంగినపల్లి కాయను తీసుకోండి. తెల్లవారుజామున చిక్కంతో కోసి, తొడిమను వేలెడు పొడవు ఉంచి కిందికి దించాలి. తొడిమ మొదలంటా విరిగితే సొన చిమ్ముతుంది. అది తొక్క మీద పడిన చోట ఆ పూట నూనె తడిలా కనిపిస్తుంది, రెండు రోజులకు నల్లని చారగా తేలుతుంది. మండీలో ఆ చారను ఎవరూ పట్టించుకోరు. దుబాయిలోనో లండన్‌లోనో దుకాణం అరలో పెట్టిన కాయ మీద అదే చార కనిపిస్తే ఆ పెట్టె మొత్తం రెండో రకంలోకి పోతుంది. అందుకే తొడిమను కత్తిరించాక కాయను తలకిందులుగా జల్లెడ బల్ల మీద పెట్టి సొన కారిపోనివ్వాలి, ఆ తర్వాతే కడగాలి. ఈ పనికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. నీడ, ఓపిక, శిక్షణ ఉన్న నాలుగు చేతులు చాలు.

అక్కడి నుంచి అసలు శత్రువు మొదలవుతుంది, అది వేడి. కోసిన కాయ చనిపోదు. ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, తనలోని చక్కెరను ఖర్చు చేస్తూ తానే వేడిని పుట్టిస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఆ ఖర్చు రెండు మూడింతలవుతుందని పంటకోత అనంతర శాస్త్రం చెబుతుంది. రోహిణి కార్తెలో మధ్యాహ్నం కోసిన కాయ లోపల 38 డిగ్రీలుందనుకోండి. మామిడికి తగిన 13 డిగ్రీలకు దాన్ని దించాలంటే, టన్నుకు సుమారు 25 యూనిట్ల విద్యుత్తుకు సమానమైన వేడిని బయటికి లాగాలి. మంచు లెక్కలో చెబితే, దాదాపు 280 కిలోల మంచు పూర్తిగా కరిగితే పీల్చుకునేంత వేడి అది. పది టన్నుల లారీలో పదింతలు. ఈ లెక్క చేతిలో పెట్టుకుంటే, కోసిన కాయను నేరుగా రీఫర్ లారీలో, అంటే చల్లబరిచే యంత్రమున్న లారీలో వేసి 13కు సెట్ చేశాం కాబట్టి చల్లబడిపోతుందని అనుకోవడం ఎంత పొరపాటో తెలుస్తుంది. రీఫర్ లారీ యంత్రాన్ని చల్లగా ఉన్న సరుకును చల్లగా నిలిపి ఉంచడానికే తయారు చేశారు. వేడి సరుకు నుంచి వేడిని లాగే శక్తి దానికి చాలదు.

సూది థర్మామీటరును టెంక తగిలేదాకా గుచ్చి చూడడం మీలో ప్రతి ఒక్కరూ నేర్చుకోవాలి. శీతల గది గోడ మీద డిజిటల్ బోర్డు 13 అని చూపిస్తుంటుంది, పెట్టె పై వరుసలో కాయ తొక్క చేతికి చల్లగా తగులుతుంది. అదే పెట్టెల దొంతర మధ్య నుంచి ఒక కాయ తీసి సూది గుచ్చితే టెంక దగ్గర 27, 28 చూపించడం నేను చూశాను. గది చల్లబడింది, కాయ చల్లబడలేదు. మామూలు కోల్డ్ స్టోరేజీలో పెట్టెలను ఒకదాని మీద ఒకటి పేర్చి వదిలేస్తే లోపలి కాయ చల్లబడడానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టవచ్చు. పెట్టెల రంధ్రాల గుండా చల్లగాలిని ఫ్యాన్లతో బలవంతంగా లాగే పద్ధతిలో అదే పని కొన్ని గంటల్లో అవుతుంది. దీన్నే ప్రీకూలింగ్ అంటున్నారు. ఈ పద్ధతి ఫలించాలంటే పెట్టెకు రెండు వైపులా రంధ్రాలుండాలి, పేర్చినప్పుడు అవి ఒకదానికొకటి ఎదురుగా రావాలి. అందంగా రంగులు అచ్చువేసి రంధ్రాలు మూసేసిన అట్టపెట్టెలు చాలా చోట్ల చూస్తున్నాను. ఆ పెట్టె కాయను చల్లబడనివ్వదు.

చల్లదనం ఎక్కువైనా ప్రమాదమే. మామిడి ఉష్ణమండలపు పండు. పది డిగ్రీల కంటే తక్కువలో రోజుల తరబడి ఉంచితే తొక్క మీద బూడిద రంగు మచ్చలు వస్తాయి, తర్వాత ఎన్నాళ్ళు మాగబెట్టినా సరిగా పండదు, వాసన రాదు. పచ్చిగా కోసిన మదనపల్లె టమోటాకూ 12, 13 డిగ్రీలే మేలు. ఆకుకూరలకు, కొత్తిమీరకు సున్నాకు దగ్గరగా ఉండాలి. అంటే మామిడినీ కొత్తిమీరనూ ఒకే పెట్టెలో, ఒకే ఉష్ణోగ్రతలో పంపే వీలు లేదు. పైగా మాగే మామిడి ఇథిలీన్ వాయువును వదులుతుంది. దాని పక్కన పెట్టిన ఆకుకూర పసుపు రంగుకు తిరుగుతుంది. జాగా మిగిలింది కదా అని రెండింటినీ కలిపి ఒకే దొంతరగా కట్టించే ఏజెంట్లు ఉన్నారు. అలా కట్టవద్దని రాతపూర్వకంగా చెప్పే హక్కు మీకుంది.

సరుకు బాగా చల్లబడ్డాక దాని మీద వెండి రంగు థర్మల్ కవరు కప్పితే ఎండ నుంచి కొన్ని గంటలు కాపాడుతుంది. చల్లబడని సరుకు మీద అదే కవరు కప్పడం వేడి అన్నం గిన్నెకు మూత పెట్టడమే అవుతుంది. కవరుకు సరుకు చల్లనిదా, వేడిదా అన్న విచక్షణ లేదు. లోపల ఏది ఉంటే దాన్ని నిలిపి ఉంచుతుంది.

ఇక విమానాశ్రయం. అక్కడ మన సరుకు గంటల తరబడి ఆగే చోట్లు ఐదారు ఉంటాయి. లారీ దించే వేదిక, ఎక్స్‌రే తనిఖీ, కస్టమ్స్, పురుగులు, తెగుళ్ళు ఉన్నాయేమో చూసే మొక్కల క్వారంటైన్ పరీక్ష, పెట్టెలను ప్యాలెట్ అనే పలక మీద పేర్చి వల కట్టే హాలు, చివరగా విమానం పక్కన ఎండలో నిలబెట్టే కాంక్రీటు నేల. వీటిలో శీతల గది సదుపాయం ఉండేవి కొన్నే. కాంక్రీటు మీద ట్రాలీ నిలబడ్డ ఆ గంటా గంటన్నర అన్నిటికంటే ప్రమాదం. మే నెల మధ్యాహ్నం మీనంబాకంలో కింద నేల కాలుతుంటుంది, పైన పాలిథీన్ కప్పిన పెట్టెల లోపల ఎండవేడి చిక్కుకుపోతుంది, ముందు ప్రయాణికుల సామాను ఎక్కించాలి గనుక మన ట్రాలీ వంతు కోసం ఎదురుచూస్తుంటుంది. రాత్రంతా చేసిన ప్రీకూలింగ్ ఆ ఒక్క నిరీక్షణలో సగం కరిగిపోవచ్చు. దీనికి మన చేతిలో ఉన్న మందు విమాన వేళను ఎంచుకోవడం. గల్ఫ్, సింగపూరు వైపు వెళ్ళే విమానాల్లో చాలా వాటికి అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయలుదేరే వేళలున్నాయి. కిలోకు రెండు రూపాయలు ఎక్కువైనా రాత్రి విమానమే ఎంచుకోవాలని నా సలహా. అలా చేస్తే మన లారీ కూడా ఎండ తగ్గాక, సాయంత్రం ఇక్కడి నుంచి బయలుదేరవచ్చు. దారిలో విమానం మారే చోటు ఉంటే అక్కడ ఎన్ని గంటలు ఆగుతుందో, అది పగలో రాత్రో కూడా అడగండి. జూన్‌లో దోహా, దుబాయి కాంక్రీటు మనకంటే వేడి.

రవాణా చార్జీ గురించి రైతులకు తరచుగా కలిగే అనుమానం ఒకటుంది. పది కిలోల సరుకు పంపితే పదహారు కిలోలకు డబ్బు ఎందుకు తీసుకున్నారని అడుగుతారు. విమాన సంస్థలు బరువుకూ జాగాకూ రెండింటికీ వెల కడతాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చేది జాగా బరువు. అసలు బరువు, జాగా బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ. 60, 40, 40 సెంటీమీటర్ల థర్మాకోల్ పెట్టెకు జాగా బరువు 16 కిలోలు. అందులో ఆకుకూర నింపితే పది కిలోలు కూడా పట్టకపోవచ్చు. మామిడి బరువైన పండు కాబట్టి కుదురుగా పేర్చిన అట్టపెట్టెలో ఈ నష్టం రాదు. ఇంకొక సంగతి, 45 కిలోలు, 100, 300, 500 కిలోలు దాటే కొద్దీ కిలో రేటు తగ్గుతుంది. నలుగురు రైతులు తమ సరుకును ఒకే ఎయిర్ వే బిల్లు (విమాన రవాణా పత్రం) కింద కలిపి పంపుకుంటే ఆ తగ్గింపు అందరికీ దక్కుతుంది. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఈ పనికి ఎంతో ఉపయోగపడతాయి.

ఘనీకృత ఆహారం గురించి కొంచెం విడిగా చెప్పాలి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు సూళ్ళూరుపేట వైపు సముద్రతీరం, పులికాట్ సరస్సు అంచు ఈ జిల్లాలోకి వచ్చాయి. ఆ పక్కన నెల్లూరు తీరమంతా వెనామీ రొయ్యల చెరువులే. రొయ్యను వల తీసిన వెంటనే ఐసులో వేసి, ప్లాంటులో శుభ్రం చేసి, ఘనీభవింపజేసి, మైనస్ 18 డిగ్రీల్లో నిలవ చేస్తారు. ఆ స్థితిలో అది నెలల తరబడి ఉంటుంది. అంత కాలం ఆగగలిగిన సరుకుకు విమాన చార్జీ పెట్టడం డబ్బు వృథా. అది రీఫర్ కంటెయినర్‌లో ఓడ మీద పోవాలి, పోతున్నది కూడా అలాగే. ఘనీకృత సరుకును విమానంలో పంపే సందర్భాలు తక్కువ. కొనుగోలుదారుకు నమూనాలు పంపినప్పుడు, ఏదో ఒక పండుగకు కొరత వచ్చినప్పుడు, చాలా ఖరీదైన చేప అయినప్పుడు మాత్రమే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది.

అలా పంపాల్సి వస్తే వాడేది డ్రై ఐస్, అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. దాని ఉష్ణోగ్రత మైనస్ 78.5 డిగ్రీలు. అది కరిగి నీరు కాదు, నేరుగా ఆవిరవుతుంది. కిలో డ్రై ఐస్ గది ఉష్ణోగ్రతలో 500 లీటర్లకు పైగా వాయువునిస్తుంది. అందుకే దాన్ని విమాన నిబంధనలు ప్రమాదకర సరుకుల జాబితాలో యూఎన్ 1845 అన్న సంఖ్యతో, తొమ్మిదో తరగతి కింద చేర్చాయి. పెట్టెలో ఎన్ని కిలోల డ్రై ఐస్ ఉందో పెట్టె మీద రాయాలి, వాయువు బయటికి పోయే దారి ఉంచాలి. గాలి చొరకుండా టేపుతో బిగించేసిన పెట్టె పగిలిపోతుంది. కిటికీలు మూసిన చిన్న వ్యానులో డ్రై ఐస్ పెట్టుకొని డ్రైవరు పక్కన కూర్చోవడం ప్రాణాపాయం. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు, ఊపిరాడకుండా చేసేదాకా తెలియదు. ఈ మాట ఇక్కడున్న ఏజెంట్లు తమ డ్రైవర్లకు తప్పకుండా చెప్పాలి. తాజా పండ్ల పెట్టెల్లో డ్రై ఐస్ ఎప్పుడూ వేయకూడదు, తగిలిన కాయ గడ్డకట్టి చెడిపోతుంది.

తీరంలో నిజంగా విమానం కోసమే పుట్టినట్టున్న సరుకు ఇంకొకటుంది, బతికున్న ఎండ్రకాయలు. పులికాట్ ప్రాంతపు మండ పీతలు చెన్నై మీదుగా సింగపూరు వంటి చోట్లకు ప్రాణాలతోనే వెళతాయి. వాటి రెండు పెద్ద డెక్కలను తాడుతో ఒంటికి అదిమి కట్టడం ఒక నేర్పు. ముడి వదులైతే పక్కదాని కాలు విరుస్తాయి, మరీ బిగిస్తే డెక్క ఊడిపోతుంది, డెక్క ఊడిన పీతకు ధర పడిపోతుంది. పెట్టెలో నీళ్ళు పోయరు, ఐసు నేరుగా తగలనివ్వరు. మొప్పలు తడిగా ఉంటే చాలు, గాలిలోని ఆక్సిజన్‌తోనే అవి బతుకుతాయి. తడిపిన గోనెగుడ్డ, గాలి ఆడే రంధ్రాలు, ఎండ తగలని దారి, ఇంతే కావాలి. చచ్చిన పీతకు అవతల విలువ సున్నా. ప్రతి గంటకూ వెల ఉన్న సరుకంటే ఇదీ. దీనికి విమాన చార్జీ పెట్టడం పూర్తిగా న్యాయం.

అదే కొలతతో మన తోతాపురిని చూడండి. చిత్తూరు చుట్టుపక్కల ఉన్న గుజ్జు ఫ్యాక్టరీలు తోతాపురి గుజ్జును క్రిమిరహితం చేసి, డ్రమ్ముల్లోని సంచుల్లో నింపి ఓడల మీద విదేశాలకు పంపుతున్నాయి. ఆ గుజ్జుకు చల్లదనం కూడా అక్కర్లేదు. టన్ను సరుకును కిలోమీటరు దూరం మోయడానికి విమానం వదిలే కర్బన ఉద్గారాలు ఓడతో పోల్చితే సుమారు 50 రెట్లని అంచనాలున్నాయి. తొందర లేని సరుకును ఆకాశంలో పంపడం డబ్బుకూ, భూమికీ రెండింటికీ నష్టమే. ఏది ఎగరాలి, ఏది ఎగరకూడదు అన్న ప్రశ్నకు నాకు తెలిసిన కొలత ఒకటే, ఓడ చేరే రోజుకు ఆ సరుకు అమ్ముడుపోయే స్థితిలో ఉంటుందా, లేదా అని.

విదేశాల క్వారంటైన్ నిబంధనలను రైతులు తరచుగా అధికారుల వేధింపుగా భావిస్తారు. ఆ భావన మారాలి. పండు ఈగ ఒక్క కాయలో దాక్కొని కొత్త దేశంలో అడుగుపెడితే అక్కడి తోటలన్నీ ప్రమాదంలో పడతాయి. 2014 మే 1 నుంచి యూరోపియన్ యూనియన్ మన దేశపు మామిడిని ఆపింది. కారణం ఆ ఈగే. శుద్ధి, తనిఖీ పద్ధతులు మెరుగుపరిచాక 2015 జనవరిలో నిషేధాన్ని తొలగించడానికి ఒప్పుకుంది. జపాన్ 2006లో మన మామిడికి తలుపు తెరిచింది. కాయ లోపలి ఉష్ణోగ్రత 47.5 డిగ్రీలకు చేరాక అదే వేడిలో 20 నిమిషాలు ఆవిరి గదిలో ఉంచాలన్నది వారి షరతు, బంగినపల్లి కూడా అనుమతించిన రకాల్లో ఉంది. ఆ ఆవిరి శుద్ధి సదుపాయమున్న ప్యాక్‌హౌసు, అంటే కాయలను శుభ్రం చేసి పెట్టెలకెత్తే కేంద్రం, మన తిరుపతిలోనే ఉంది, దాన్ని మామిడి కాలమంతా నిండుగా వాడుకోవడం మన బాధ్యత. అమెరికా 2007లో అనుమతించింది. వారు కోరేది కనీసం 400 గ్రేల వికిరణ శుద్ధి (గ్రే అంటే వికిరణ మోతాదుకు కొలమానం). చిత్తూరు నుంచి బెంగళూరు వెళ్ళేవారికి దగ్గరలోనే, కోలారు జిల్లా మాలూరులో అటువంటి కేంద్రం ఉంది. ఈ శుద్ధులన్నీ కాయకు అలసట కలిగించేవే. మచ్చా దెబ్బా లేని, సరైన పక్వానికి వచ్చిన కాయ మాత్రమే వాటిని తట్టుకుంటుంది. అంటే మళ్ళీ చిక్కం పట్టిన చేతి దగ్గరికే వస్తున్నాం.

శుద్ధి ఎంత ముఖ్యమో కాగితం అంత ముఖ్యం. 2025 మే నెలలో ముంబయి నుంచి అమెరికా వెళ్ళిన 15 మామిడి సరుకులను అక్కడి విమానాశ్రయాల్లో అధికారులు తిరస్కరించారు. కాయలకు వికిరణ శుద్ధి జరిగింది, దాన్ని ధ్రువీకరించే పత్రంలో లోపముందని వారి అభ్యంతరం. వెనక్కి తేవడానికి అయ్యే ఖర్చు సరుకు విలువను మించుతుంది గనుక ఎగుమతిదారులు వాటిని అక్కడే నాశనం చేయించాల్సి వచ్చింది. తోటలో ఏడాది పాటు చేసిన చాకిరీ ఒక్క పత్రం దగ్గర ఆగిపోయింది. అమెరికాకు ఆహార పదార్థం విమానంలో పంపేటప్పుడు అది చేరడానికి కనీసం 4 గంటల ముందే వారి ఆహార, ఔషధ సంస్థకు సమాచారం అంది ఉండాలన్న నియమం కూడా ఉంది. తోట నమోదు, ప్యాక్‌హౌసు గుర్తింపు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, ఇన్‌వాయిస్, ఎయిర్ వే బిల్లు, వీటన్నిటిలో పెట్టెల సంఖ్య, బరువు, రకం పేరు ఒక్కలాగే ఉండాలి. లారీ బయలుదేరక ముందే ఒకరు చదివి వినిపిస్తుంటే ఇంకొకరు సరిచూసుకోవడం మంచి అలవాటు. విమానాశ్రయంలో తప్పు దొరికితే దాన్ని దిద్దే గంటలన్నీ కాయ వయసులోంచే పోతాయి.

కరివేపాకు విషయం కూడా చెప్పాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళు అక్కడ తాజా కరివేపాకు దొరకడం కష్టమని బాధపడతారు, ఇక్కడి నుంచి పంపాలని బంధువులు ఉబలాటపడతారు. కరివేప మొక్క నిమ్మజాతి తోటలను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగుకు ఆశ్రయం, అందుకే మన దేశపు తాజా ఆకును వారు రానివ్వరు. యూరప్‌లో అడ్డు వేరే రకం. అక్కడ మన కరివేపాకుపై పురుగుమందుల అవశేషాల కోసం అదనపు తనిఖీలున్నాయి. కోతకు ముందు మందు కొట్టి, వారం తిరగకుండానే కోసి పంపితే అక్కడి ప్రయోగశాలలో పట్టుబడుతుంది. ఒకరి తొందర వల్ల జిల్లా మొత్తానికి చెడ్డపేరు వస్తుంది. కొరియరులో ఇంటి పచ్చళ్ళు, పొడులు పంపేవారికీ ఒక మాట. నూనె తేలే ఆవకాయకు పెద్దగా చిక్కులుండవు గాని, మాంసం పచ్చళ్ళను అమెరికా సాధారణంగా అనుమతించదు.

ఇన్ని చెప్పాక డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న మిగులుతుంది. కేంద్ర ప్రభుత్వం 2020లో కృషి ఉడాన్ పథకాన్ని ప్రారంభించి, 2021 అక్టోబరులో దాని రెండో దశను ప్రకటించింది. ఎంపిక చేసిన విమానాశ్రయాల్లో సరుకు విమానాలకు కొన్ని చార్జీల నుంచి మినహాయింపు ఇవ్వడం అందులో ముఖ్యాంశం. అటువంటి పథకాలను స్వాగతిస్తాను. అయినా నా చేతిలో ఒక్క రూపాయే ఉంటే, దాన్ని రన్‌వే దగ్గర కాకుండా దామలచెరువు మండీకి కూతవేటు దూరంలో పెడతాను. అక్కడ కడిగే తొట్టి, గ్రేడింగ్ బల్ల, బలవంతపు గాలి ప్రీకూలింగ్ గది, కరెంటు పోతే ఆదుకునే జనరేటరు, లారీ వెనుక తలుపు నేరుగా శీతల గదికి ఆనే వేదిక ఉంటే చాలు. చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, లారీకీ గదికీ మధ్య నాలుగడుగుల ఎండలో పెట్టెలను చేతులు మార్చుకుంటూ గంట సేపు ఎక్కిస్తే ప్రీకూలింగ్ ఫలితం అక్కడే పోవడం మొదలవుతుంది. రేణిగుంటకు రేపు కార్గో విమానం వచ్చినా, ఈ గది లేకపోతే అది వేడి కాయలనే మోసుకుపోతుంది. ఈ గది ఉంటే మీనంబాకం నుంచైనా మన కాయ గట్టిగా, పచ్చగా దుబాయి చేరుతుంది.

చివరగా, నష్టం జరిగినప్పుడు ఏం చేయాలి. అంతర్జాతీయ విమాన రవాణాలో బాధ్యతలను 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం నిర్ణయిస్తుంది. మన దేశం 2009లో అందులో చేరింది. సరుకు పాడైతే అందుకున్న రోజు నుంచి 14 రోజుల లోపు, ఆలస్యమైతే 21 రోజుల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆ గడువు దాటితే హక్కు పోతుంది. 2024 డిసెంబరు 28 నుంచి పరిహారం గరిష్ఠ పరిమితి కిలోకు 26 ఎస్‌డీఆర్. అది అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కగట్టే ప్రమాణం. మామిడి ధరతో పోల్చితే ఆ మొత్తం తక్కువేమీ కాదు. అయితే సరుకు సహజ స్వభావం వల్ల గాని, సరిగా ప్యాక్ చేయకపోవడం వల్ల గాని చెడిపోయిందని విమాన సంస్థ రుజువు చేస్తే దానికి బాధ్యత ఉండదు. పండు కుళ్ళడం దాని స్వభావమే కదా అన్న వాదన ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ వాదనకు జవాబు చెప్పగలిగేది పెట్టెలో పెట్టిన డేటా లాగర్ ఒక్కటే. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దదైన ఆ పరికరం కొన్ని నిమిషాలకొకసారి ఉష్ణోగ్రతను నమోదు చేస్తుంది. దొంతర మధ్యలోని ఒక పెట్టెలో ఒకటి, ఎండ తగిలే పై మూలన ఒకటి పెట్టండి. ప్యాక్‌హౌసు దాటేటప్పుడు, విమానాశ్రయంలో అప్పగించేటప్పుడు సమయం రాసి ఉంచుకోండి. సరుకు చల్లగానే మన చేయి దాటిందని, ఆ తర్వాత ఫలానా గంటకు వేడెక్కిందని అప్పుడు చూపించవచ్చు. కొనుగోలుదారు పెట్టె విప్పిన రోజే ఆ రికార్డును, కాయల ఫొటోలను పంపాలన్న నిబంధనను మొదటి ఆర్డరు ఒప్పందంలోనే రాయించుకోండి. లాగరు ఎలా అమర్చాలో, రికార్డు ఎలా చదవాలో అడగదలచినవారి కోసం బల్ల మీద రెండు పరికరాలు ఉంచాను. సభ ముగిశాక దగ్గరికి వచ్చి చూడవచ్చు.